పదికి పది రేటింగ్ ఉన్న హైస్కూలే కావాలా?

సంక్రాంతి దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, జూన్‌లో డాలస్ వచ్చేస్తున్నాం. పెద్దోడు తొమ్మిదిలో చేరాలి. పదికి పది రేటింగ్ ఉన్న హైస్కూలు ఏదో చెప్పు, ఆ పక్కనే ఇల్లు చూసుకుంటాం." ఆ వెంటనే, "అక్కడ మనవాళ్ళు బాగానే ఉంటారా?" ఇంకాస్త చనువుంటే గొంతు తగ్గించి, "నల్లవాళ్ళూ మెక్సికన్లూ ఎక్కువుండరు కదా?" అని కూడా అడుగుతారు.

ఆ మూడో ప్రశ్న అడగడానికే మొహమాటపడతారు గానీ, నిజానికి అది మొదటి ప్రశ్నలోనే దాక్కుని ఉంది. ఎలాగో చెప్తాను.

ఇళ్ళు వెతికే సైట్లలో ఇంటి ఫోటో కింద స్కూలు పేరు పక్కన కనిపించే అంకె గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఇచ్చేది. ఒకప్పుడు అది దాదాపు పూర్తిగా రాష్ట్ర పరీక్షల మార్కుల మీదే నడిచేది. 2017 నుంచి ఏడాదికేడాది పిల్లలు ఎంత ముందుకెళ్ళారు, పేద పిల్లలు ఎలా చదువుతున్నారు అన్నవి కూడా కలిపారు. అయినా మార్కుల బరువు మార్కులదే. పిల్లల మార్కుల్ని అన్నిటికన్నా గట్టిగా పట్టి ఉంచేది స్కూలు కాదు, ఇల్లు. అమెరికా వాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. 1966లో జేమ్స్ కోల్‌మన్ బృందం సుమారు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరాలు సేకరించి తేల్చింది ఇదే: స్కూలు భవనాలు, లైబ్రరీలు, ఖర్చుల కన్నా తల్లిదండ్రుల చదువు, స్థోమత, పక్క బెంచీలో ఎవరు కూర్చున్నారన్నదే మార్కుల్లో ఎక్కువ తేడా తెస్తోందని. ఈమధ్య స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ బృందం దేశం మొత్తం స్కూళ్ళ లెక్కలు ముందేసుకుని ఇంకో మాట చెప్పింది. సగటు మార్కులకీ ఆ ఊరి ఆదాయాలకీ గట్టి లంకె ఉంది, కానీ పిల్లలు ఏటా ఎంత నేర్చుకుంటున్నారన్నదానికి ఆ లంకె చాలా తక్కువ. అంటే ఆరు రేటింగ్ స్కూల్లో పంతుళ్ళు పది రేటింగ్ స్కూల్లో వాళ్ళకన్నా బాగా చెప్తూ ఉండొచ్చు, ఆ సంగతి అంకెలో కనబడకపోవచ్చు.

మనవాళ్ళున్న స్కూళ్ళ సగటు ఎందుకు ఎక్కువంటే, మన పిల్లలకి పుట్టుకతో ఏదో వచ్చిందని కాదు. హెచ్‌ఒన్‌బీ వీసా మీద వచ్చే మనిషికి డిగ్రీ గానీ దానికి సమానమైన అర్హత గానీ ఉండి తీరాలి. ఇంట్లో ఇద్దరూ ఇంజినీర్లు, కుదిరితే ఒకరు మాస్టర్స్. ఏరివేత కాన్సులేట్ దగ్గరే జరిగిపోయింది. అలాంటి రెండు వేల ఇళ్ళ పిల్లల్ని ఒక భవనంలో కూర్చోబెడితే సగటు తొంభై దాటక ఏమవుతుంది? మన కార్పొరేట్ కాలేజీలు పేపరు మొదటి పేజీలో ర్యాంకులు అచ్చేస్తాయి చూడండి, ఏరి తెచ్చుకున్న పిల్లల ర్యాంకుని బోధన గొప్పతనంగా చూపించే ఆ లెక్కే ఇక్కడా నడుస్తోంది. కాకపోతే ఇక్కడ ఏరేది స్కూలు కాదు, ఇళ్ళ ధరలు.

చిన్న లెక్క వేసి చూపిస్తాను. అంకెలు నేను అనుకున్నవే. ఒక స్కూల్లో పేద పిల్లలు 10 శాతం, ఇంకో దాంట్లో 40 శాతం. మొదటి దాంట్లో పేద పిల్లల్లో 44 శాతం, మిగతావాళ్ళలో 84 శాతం పరీక్ష పాసయ్యారు. మొత్తం సగటు 80. రెండో దాంట్లో పేద పిల్లల్లో 50 శాతం, మిగతావాళ్ళలో 82 శాతం పాసయ్యారు. సగటు 69. పదకొండు పాయింట్ల తేడా! చూడగానే రెండో స్కూలు కొట్టేస్తారు. కానీ మీవాడిలాంటి పిల్లాడికి రెండు చోట్లా తేడా రెండే పాయింట్లు, పేద పిల్లలకి రెండో స్కూలే మెరుగు. ఆ పదకొండు పాయింట్ల కోసం నెలకి ఇంకో ఎనిమిది వందలో వెయ్యో డాలర్లు అద్దె కట్టడానికి సిద్ధపడే వాళ్ళని చాలామందిని చూశాను.

అందుకని రేటింగ్ పక్కన పెట్టి, టెక్సస్ విద్యాశాఖ ప్రతి స్కూలుకీ ఏటా విడుదల చేసే టెక్సస్ అకడమిక్ పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరవండి. పొడి అక్షరాలు (TAPR) కలిపి ఇక్కడ అందరూ టాపర్ అంటారు. ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. చూడ్డానికి రైల్వే టైంటేబుల్లా ఉంటుంది గానీ పదిహేను నిమిషాలు ఓపిక పడితే ఏ బ్రోకరూ చెప్పని సంగతులు దొరుకుతాయి. పరీక్ష ఫలితాల పట్టికలో ఎడమవైపు రాష్ట్రం, స్కూలు డిస్ట్రిక్టు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్ళన్నిటినీ నడిపే సంస్థ), స్కూలు సగటులు, ఆ తర్వాత ఆఫ్రికన్ అమెరికన్, హిస్పానిక్, వైట్, ఏషియన్ అంటూ గడులు, చివర్లో స్పెషల్ ఎడ్యుకేషన్, ఆర్థికంగా వెనకబడినవాళ్ళు, ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్ళు. వీటి మధ్యలో ఎవరూ చూడని రెండు గడులున్నాయి: కొన్నేళ్ళుగా ఇదే డిస్ట్రిక్టులో చదువుతున్నవాళ్ళు, కొత్తగా వచ్చి చేరినవాళ్ళు. మీవాడు చేరేది ఆ రెండో గడిలోకి. ఆ రెండిటి మధ్య తేడా ఎక్కువుంటే, కొత్తగా వచ్చిన పిల్లల్ని ఆ స్కూలు సరిగ్గా అందుకోలేకపోతోందేమో అని అనుమానించి, వెళ్ళినప్పుడు ఆ మాటే అడగండి. పిల్లలు మరీ తక్కువున్న గడుల్లో అంకె బదులు నక్షత్రం గుర్తు (*) ఉంటుంది. అది దాచిపెట్టడం కాదు, ఫలానా పిల్లాడి మార్కు ఇదీ అని బయటపడకుండా చేసే ఏర్పాటు.

ఏషియన్ గడి చూసి "ఇదీ మనవాళ్ళ సంగతి" అనుకోకండి. చైనా, కొరియా, వియత్నాం, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ అందరూ అందులోనే. మనవాళ్ళెంతమందో ఆ కాగితం చెప్పదు. అది తెలియాలంటే వినాయక చవితికి ఆ ఇళ్ళ కాలనీలో తిరగాల్సిందే.

ఫలితాలు కూడా మూడు మెట్లుగా ఉంటాయి: అప్రోచెస్ (స్థాయికి దగ్గరికొచ్చారు), మీట్స్ (అందుకున్నారు), మాస్టర్స్ (పట్టు సాధించారు). స్కూళ్ళు బ్యానర్ కట్టేది మొదటి మెట్టు అంకెతో. మీరు చూడాల్సింది మీట్స్, మాస్టర్స్. ఇక్కడో మెలిక ఉంది. పెద్ద రేటింగ్ ఉన్న హైస్కూల్లో ఆల్జీబ్రా వన్ ఫలితం ఒక్కోసారి వింతగా తక్కువ కనబడుతుంది. భయపడక్కర్లేదు. లెక్కల్లో చురుకైన పిల్లలంతా ఆ పరీక్ష ఏడులోనో ఎనిమిదిలోనో రాసేస్తారు, ఆ మార్కులు మిడిల్ స్కూలు ఖాతాలో పడతాయి. హైస్కూలు ఖాతాలో మిగిలేది తొమ్మిదిలో రాసినవాళ్ళవే. ఇంకా, కాలేజీ ప్రవేశాలకి రాసే ఎస్‌ఏటీ పరీక్ష సగటు చూసేటప్పుడు ఎంత శాతం మంది రాశారన్నది పక్కనే ఉంటుంది, అదీ చూడండి. అందరి చేతా రాయించిన స్కూలు సగటు, ఆసక్తి ఉన్నవాళ్ళే రాసిన స్కూలు సగటు కన్నా తక్కువే వస్తుంది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సులు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎంతమంది మే నెలలో పరీక్ష రాసి అయిదుకి 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెచ్చుకున్నారన్నది అసలు సంగతి.

రాష్ట్రం ఇచ్చే ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాల గ్రేడు గ్రేట్‌స్కూల్స్ అంకె కన్నా కాస్త నయం. కొన్ని డిస్ట్రిక్టులు కోర్టుకెళ్ళడంతో 2023, 2024 గ్రేడులు ఆగిపోయి, అన్నీ 2025లో బయటికొచ్చాయి. అందులో రిలేటివ్ పెర్ఫార్మెన్స్ అని ఒక భాగం ఉంది: పేద పిల్లల శాతం ఇంచుమించు సమానంగా ఉన్న స్కూళ్ళతో పోలిస్తే ఈ స్కూలు ఎక్కడుంది అన్నది. నన్నడిగితే మొత్తం కాగితంలో నిజాయితీగల అంకె అదే.

ఇక ఆ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. తెలుగు రియల్టర్‌ని కూడా అడక్కండి, చెప్పలేరు. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి కొనేవాళ్ళని ఒక పేటకి తోలడం, ఇంకో పేటకి వెళ్ళకుండా చేయడం చట్టవిరుద్ధం. లైసెన్సున్న ఏజెంటు "అక్కడ ఎవరుంటారు" అన్న ప్రశ్నకి జవాబివ్వడానికి జంకేది అందుకే. ఈ చట్టం ఎవరి కోసం వచ్చిందో, ఎంత కొట్లాడితే వచ్చిందో గుర్తుంచుకుంటే మనకీ మంచిది. మనల్ని కూడా ఏ పేటలోకైనా రానిస్తున్నది అదే. పైగా ఆ ప్రశ్నతో చదువు సంగతి ఏమీ తెలియదు. డాలస్ ఐఎస్‌డీలో (ఐఎస్‌డీ అంటే స్కూలు డిస్ట్రిక్టే) విద్యార్థుల్లో ఎక్కువమంది హిస్పానిక్ పిల్లలు, చాలావరకు పేద కుటుంబాల వాళ్ళు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ డిస్ట్రిక్టు పేరెత్తితే చేతులూపుతారు. కానీ అదే డిస్ట్రిక్టులో టౌన్‌వ్యూ ప్రాంగణంలోని టాలెంటెడ్ అండ్ గిఫ్టెడ్ మ్యాగ్నెట్ స్కూలు ఏళ్ళ తరబడి దేశంలోనే ముందు వరుస ర్యాంకుల్లో ఉంటోంది. అయితే అది ఎంపిక చేసి చేర్చుకునే స్కూలు, వర్జీనియాలోని థామస్ జెఫర్సన్ హైస్కూల్లాగే. వాటి సంగతి వేరు, ఇక్కడ ఎత్తుకుంటే తెగదు.

స్కూలు తేల్చుకున్నాక ఇల్లు. ఇక్కడ కొత్తవాళ్ళు తడబడేది అడ్రసు దగ్గర. ఊరి పేరూ స్కూలు డిస్ట్రిక్టూ ఒకటి కావు. ఫ్రిస్కో అని ఉత్తరాలొచ్చే ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉండొచ్చు, ప్రాస్పర్‌లో, లిటిల్ ఎల్మ్‌లో, లూయిస్‌విల్‌లో కూడా ఉండొచ్చు. ప్లేనో, మెకిన్నీ అడ్రసులతో ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి వచ్చే ఇళ్ళూ ఉన్నాయి. మనవాళ్ళు కిక్కిరిసి ఉండే అర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్ పక్క ఒక వీధి కాపెల్ ఐఎస్‌డీ, ఇంకో వీధి క్యారల్టన్ ఫార్మర్స్ బ్రాంచ్. ఇళ్ళ సైటు చూపించే స్కూలు పేరు నమ్మకండి, డిస్ట్రిక్టు వెబ్‌సైటులో ఇంటి నంబరు కొట్టి చూడండి. అది కూడా ఈ ఏటి సంగతే. పిల్లలు పెరిగినా తగ్గినా సరిహద్దులు మళ్ళీ గీస్తారు. ప్లేనో ఐఎస్‌డీ పిల్లలు తగ్గిపోయి 2024లో నాలుగు స్కూళ్ళు మూసేయాలని తీర్మానించింది. హైస్కూలు పిల్లాడుంటే మొదటి ఏడాది అద్దెకి ఉండి, ఆ తర్వాత కొనుక్కోమని నా సలహా. ఇంటి విలువలో ఏటా దాదాపు రెండు శాతం ఆస్తిపన్ను కట్టే ఊళ్ళో స్కూలు పేరు మీద ఇల్లు కొని ఇరుక్కోవద్దు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, పది రేటింగ్ స్కూలు ఎదురు తిరిగేది ఇక్కడే. టెక్సస్‌లో కాలేజీ సీటుకి క్లాస్ ర్యాంకు, అంటే తన స్కూల్లో తోటి పిల్లల మధ్య వాడి స్థానం, ప్రాణం. 1996లో హాప్‌వుడ్ కేసులో కోర్టు అడ్మిషన్లలో జాతిని చూడకూడదంది. మరుసటి ఏడే శాసనసభ ఒక చట్టం చేసింది: రాష్ట్రంలోని ప్రతి హైస్కూలు నుంచీ మొదటి పది శాతం మందికి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం. నల్లజాతి పిల్లల స్కూలు, హిస్పానిక్ పిల్లల స్కూలు, పల్లెటూరి స్కూలు, ఏదైనా సరే, అక్కడి మొదటి పది శాతం. స్కూళ్ళు జాతుల వారీగా విడిపోయి ఉన్న రాష్ట్రంలో ఆ విడిపోవడాన్నే వాడుకుని పెట్టిన పద్ధతి అది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ సీట్లు దీంతోనే నిండిపోతుంటే 2009లో దానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. రాష్ట్ర విద్యార్థుల సీట్లలో 75 శాతం ఇలా నింపితే చాలు. ఆ లెక్కలో చాలా ఏళ్ళు ఆరు శాతంగా ఉన్న గీత 2026 ఫాల్‌లో చేరేవాళ్ళ నుంచి అయిదు శాతానికి దిగింది.

సీనియర్లు, అంటే పన్నెండో తరగతి పిల్లలు, 500 మంది ఉన్న స్కూలనుకోండి. అయిదు శాతమంటే పాతికమంది. ఆ 500లో సగం మంది మీవాడిలాంటివాళ్ళే, ఆరో తరగతి నుంచి వేసవి సెలవుల్లో కూడా లెక్కలు చేసినవాళ్ళే. అదే పిల్లాడు పక్క డిస్ట్రిక్టులో పదో ర్యాంకులో ఉండేవాడు, ఇక్కడ నూట ఇరవైలో ఉంటాడు. వాడి తెలివి తగ్గలేదు, మార్కులూ తగ్గలేదు. దీనికి విరుగుడని కొందరు కావాలనే రేటింగ్ తక్కువున్న స్కూలు ఏరుకుంటున్నారు. నాకు అదీ నచ్చదు. కావలసిన ఫిజిక్స్, క్యాలిక్యులస్ పైస్థాయి కోర్సులు ఉన్నాయో లేవో చూడకుండా ర్యాంకు కోసం వెళ్ళడం తెలివైన పని కాదు. పైగా ఆటోమేటిక్ సీటు యూనివర్సిటీకే గానీ కోర్సుకి కాదు. మనవాళ్ళంతా అడిగే కంప్యూటర్ సైన్స్‌కి, ఇంజినీరింగ్‌కి, బిజినెస్‌కి మళ్ళీ వేరే వడపోత ఉంది. ఈ తంతు టెక్సస్‌కే పరిమితం కాదు. కాలిఫోర్నియాలో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వ్యవస్థ కూడా ప్రతి స్కూల్లో మొదటి తొమ్మిది శాతానికి ఒక హామీ ఇస్తుంది. విద్యార్థుల్లో దాదాపు తొంభై శాతం ఏషియన్లే ఉండే ఫ్రీమాంట్ మిషన్ శాన్ హోసే హైస్కూల్లో ఆ తొమ్మిది శాతంలో పడటం ఎంత కష్టమో ఊహించుకోండి.

ర్యాంకు గురించి డిస్ట్రిక్టుని మూడు సంగతులు అడగాలి. జీపీఏ స్కేలు ఎంత? కొన్నిచోట్ల 4, కొన్నిచోట్ల 5, ఇంకొన్ని చోట్ల 6. బయటి నుంచి వచ్చిన పిల్లల పాత మార్కుల్ని ర్యాంకులో కలుపుతారా, కలిపితే ఎలా? ర్యాంకు అందరికీ ఇస్తారా, మొదటి పది శాతానికేనా? మొదటి పది శాతానికే ఇచ్చే స్కూలైతే, మిగతావాళ్ళ అప్లికేషన్‌లో ర్యాంకు కనబడదు. అది కొందరికి మేలే. స్కూల్లో పిల్లలకి కోర్సుల గురించీ కాలేజీ గురించీ సలహాలిచ్చే కౌన్సిలర్‌ని స్కూల్ ప్రొఫైల్ అడగండి. ప్రతి కాలేజీకీ అప్లికేషన్‌తో పాటు వెళ్ళే ఒకటి రెండు పేజీల కాగితం అది. సీనియర్లెంతమంది, ఏ కోర్సులున్నాయి, సగటు స్కోర్లెంత అన్నీ ఉంటాయి. కాలేజీవాళ్ళు మీవాడిని బేరీజు వేసేది ఆ కాగితం పక్కన పెట్టుకునే, రేటింగ్ చూసి కాదు.

"మనవాళ్ళు ఎక్కువుంటే మంచిదేగా, పిల్లాడికి పోటీ ఉంటుంది" అంటారు. ఉంటుంది. ఆ పోటీ ఎక్కడిదాకా వెళ్తుందో న్యూజెర్సీ వెస్ట్ విండ్సర్ ప్లెయిన్స్‌బరోలో 2015లో తెలిసింది. ప్రిన్స్‌టన్ పక్కన, సగానికి పైగా ఏషియన్ పిల్లలున్న డిస్ట్రిక్టు. మార్కులకి లోటు లేదు. ముందటి ఏడాది 120 మంది పిల్లలకి మానసిక ఆరోగ్య పరీక్షలు అవసరమయ్యాయని, 40 మంది ఆసుపత్రి పాలయ్యారని సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ తల్లిదండ్రులకి పెద్ద ఉత్తరం రాశాడు. మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు తీసేశాడు, కొన్ని రాత్రులు హోంవర్క్ లేకుండా చేశాడు. ఊరు రెండుగా చీలింది. చదువు పలచన చేస్తున్నారని ఎదురు తిరిగిన వాళ్ళలో ఎక్కువమంది ఏషియన్ తల్లిదండ్రులే. వాళ్ళని తిట్టలేను. ఇక్కడ మనకి మేనమామ కంపెనీ లేదు, ఎమ్మెల్యే సిఫారసు లేదు, చదువొక్కటే ఉందన్న వాళ్ళ భయం నాకు తెలుసు. అయినా ఆ నలభై అంకె ఏ రేటింగ్‌లోనూ కనబడదు. స్కూలు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక్కో కౌన్సిలర్‌కి ఎంతమంది పిల్లలున్నారో అడగండి. మధ్యాహ్నం లంచ్ టైములో వెళ్ళగలిగితే ఇంకా మంచిది, ఎవరు ఎవరితో కూర్చుంటున్నారో చూస్తే సగం సంగతి తెలుస్తుంది.

చేర్పించే రోజు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇమ్మిగ్రేషన్ కాగితాలు అడగరు, 1982లో ప్లయ్లర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అవి లేవని ఏ పిల్లాడినీ వెనక్కి పంపలేరు. లీజు, కరెంటు బిల్లు, పుట్టిన సర్టిఫికెట్ లేదా పాస్‌పోర్టు, టీకాల కార్డు కావాలి. మన దగ్గర అందరికీ వెయ్యని హెపటైటిస్ ఏ, చికెన్‌పాక్స్ రెండు డోసులు, మెనింజైటిస్ టీకా ఇక్కడ అడుగుతారు. అక్కడే వేయించుకొస్తే ఖర్చు తక్కువ.

హోం లాంగ్వేజ్ సర్వే అని ఒక ఫారం ఇస్తారు. ఇంట్లో ఏ భాష అంటే తెలుగు అని రాస్తే పిల్లాడికి ఇంగ్లీషు పరీక్ష పెడతారు. "తెలుగు అని రాయకండి, ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీషు సరిగ్గా రాని పిల్లల క్లాసులో) పడేస్తారు" అని ఎవరో ఒకరు చెప్తారు. అబద్ధం రాయకండి. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళు ఆ పరీక్ష మామూలుగా దాటేస్తారు. దాటకపోతే ఆ సాయం మీవాడికి నిజంగా కావాలన్నమాట. ఒకసారి పరీక్ష జరిగాక ఫారం మార్చడానికి వీల్లేదు.

మార్కుల మెమోలు ఎనిమిది నుంచి తెచ్చుకోండి, సబ్జెక్టు వారీగా, స్కూలు సీలుతో. తొమ్మిది, పది అక్కడ చదివి వస్తే వాటిని ఇక్కడి క్రెడిట్లుగా మార్చాలి. ఆల్జీబ్రా, జామెట్రీ ఇక్కడ విడివిడి కోర్సులు, మన గణితం పుస్తకంలో రెండూ కలిసే ఉంటాయి. మెమోలో "గణితం 94" అని చూసి కౌన్సిలర్ మీవాడిని మళ్ళీ ఆల్జీబ్రా వన్‌లో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. సిలబస్ పేజీలు ఇంగ్లీషులో ప్రింటు తీసి చేతిలో పెట్టండి. అయినా ఒప్పుకోకపోతే క్రెడిట్ బై ఎగ్జామ్ రాస్తామనండి. ముందే చదివిన కోర్సుకి 70, చదవకుండా దాటెయ్యాలంటే 80 రావాలి. ఆ పరీక్షలకి రిజిస్ట్రేషన్ గడువులు స్కూళ్ళు తెరవక ముందే అయిపోతుంటాయి, కాబట్టి జూన్‌లో దిగేవాళ్ళు ఏప్రిల్‌లోనే డిస్ట్రిక్టుకి ఈమెయిల్ పెట్టండి.